స్తంభించిన కంప్యూటర్, యాంటీవైరస్ మీద నింద: ఒక సమీక్ష

హైదరాబాద్‌లోని అబిడ్స్, నాంపల్లి, ట్రూప్ బజార్ పరిసరాల్లోని డీటీపీ కేంద్రాల్లోనూ, జిరాక్స్ షాపుల్లోనూ, రెండు మూడు బల్లల చిన్న కార్యాలయాల్లోనూ ‘సిస్టమ్ హ్యాంగ్ అయింది’ అన్న ఒక్క మాటతో చెప్పుకునే స్థితి నిజానికి ఒకటి కాదు, కనీసం మూడు. మౌస్ బాణం కదులుతూనే ఉండి, నొక్కిన ప్రతిదానికీ కంప్యూటర్ అరనిమిషం ఆలస్యంగా పలకడం ఒకటి. తెర ఉన్నది ఉన్నట్టే బిగుసుకుపోయి, కీబోర్డు మీద క్యాప్స్ లాక్ దీపం సైతం మీటకు స్పందించకపోవడం రెండోది. నీలి తెర వచ్చి యంత్రం తనంతట తాను మళ్లీ మొదలవడం, కొన్నిసార్లు మొదలవుతూ ఆగుతూ అదే చక్రంలో తిరగడం మూడోది. ఈ మూడింటికీ మరమ్మతు బల్ల దగ్గర వినిపించే తీర్పు మాత్రం తరచుగా ఒకటే: యాంటీవైరస్ బరువైంది, తీసేయాలి, లేదంటే ఫార్మాట్ కొట్టాలి. ఈ తీర్పులో కొంత నిజం లేకపోలేదు. అయితే యాంటీవైరస్ ఎప్పుడు దోషి, ఎప్పుడు కేవలం సాక్షి అన్న వివేచన చేయకుండా ఇచ్చిన తీర్పు కావడం వల్ల, కొన్ని వారాలు తిరక్కుండానే అదే యంత్రం అదే బల్ల మీదికి రావడం కద్దు. స్తంభన మౌలికంగా నిరీక్షణకు సంబంధించిన సమస్య. ఎవరు ఎవరి కోసం ఎదురుచూస్తూ ఆగిపోయారో తేలితే తప్ప మందు తేలదు, ఫార్మాట్ కొడితే ఆ ఆధారమే చెరిగిపోతుంది.

విండోస్‌లో ప్రోగ్రాములు రెండు అంతస్తుల్లో నడుస్తాయి. వర్డ్, పేజ్‌మేకర్, బ్రౌజర్ వంటివి పై అంతస్తులో, అంటే యూజర్ మోడ్‌లో ఉంటాయి. అక్కడ ఒకటి కూలితే అదొక్కటే కూలుతుంది. డిస్కునూ మెమరీనీ నేరుగా నడిపే భాగం కింది అంతస్తులో ఉంటుంది, దాన్ని కెర్నెల్ అంటారు. అక్కడ తప్పు జరిగితే ఇల్లు మొత్తం కూలుతుంది, ఆ కూలడమే నీలి తెర. యాంటీవైరస్ ఈ రెండు అంతస్తుల్లోనూ కాలు మోపి ఉంటుంది. ఏ ప్రోగ్రాము ఫైలు తెరవమని అడిగినా, ఆ అభ్యర్థన డిస్కును చేరేలోగా మధ్యలో కూర్చున్న ఫిల్టర్ డ్రైవర్ అనే చిన్న కెర్నెల్ భాగం దాన్ని ఆపి, పై అంతస్తులోని స్కానర్‌కు చూపించి, అది సరే అన్న తర్వాతనే వదులుతుంది. తాకినప్పుడే తనిఖీ చేసే ఈ పద్ధతికి ఆన్-యాక్సెస్ స్కానింగ్ అని పేరు. ఫైలు అడిగిన ప్రోగ్రాము సమాధానం వచ్చేదాకా కదలదు కాబట్టి, స్కానర్ ఏ కారణంచేత ఆలస్యం చేసినా దాని వెనుక ఒక వరస తయారవుతుంది. డెస్క్‌టాప్‌ను చూపించే ఎక్స్‌ప్లోరర్ కూడా ఆ వరసలో చేరిన క్షణాన, వాడేవారి కంటికి యంత్రం మొత్తం ఆగినట్టే కనబడుతుంది.

ఈ నిరీక్షణ ఎంత పొడవుగా ఉంటుందన్నది యాంటీవైరస్ మీద కంటే డిస్కు మీద ఎక్కువగా ఆధారపడుతుంది. నిమిషానికి 7,200 సార్లు తిరిగే హార్డ్ డిస్కులో చదవవలసిన చోటు తల కిందికి రావడానికే సగటున 4 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది, తల ఒక చోటి నుంచి మరో చోటికి జరగడానికి మరో 8, 9 మిల్లీసెకన్లు కలుస్తాయి. అంటే చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను అది సెకనుకు వంద లోపు మాత్రమే అందివ్వగలదు. మామూలు ఎస్‌ఎస్‌డి అదే పనిని సెకనుకు వేల సంఖ్యలో చేస్తుంది. ఎస్‌ఎస్‌డి మీద ఎవరి కంటా పడని తనిఖీ, హార్డ్ డిస్కు మీద గంటసేపు పని ఆపేస్తుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో కోఠిలోనో పాత యంత్రాన్ని తెచ్చుకుని నడుపుకునే షాపుల్లో ఇది నిత్యానుభవం. దానికి ఒక స్థానిక కారణం కూడా తోడవుతుంది. తనిఖీలను కంప్యూటర్ ఖాళీగా ఉండే వేళకు, అంటే సాధారణంగా రాత్రికి, పెట్టడం యాంటీవైరస్ తయారీదారుల అలవాటు. షాపు మూసేటప్పుడు మెయిన్ స్విచ్చే ఆపేయడం ఇక్కడి అలవాటు. రాత్రి తప్పిపోయిన తనిఖీ, రాత్రంతా అందని అప్‌డేట్, విండోస్ తనకు తాను తెచ్చుకునే సవరణలు అన్నీ ఉదయం షట్టర్ ఎత్తి స్విచ్ వేయగానే ఒకేసారి మొదలై, సరిగ్గా తొలి గిరాకీ వచ్చిన వేళ డిస్కును నూటికి నూరు శాతం పట్టుకుంటాయి. రోజూ పొద్దున్నే హ్యాంగై మధ్యాహ్నానికి బాగుపడే యంత్రం విషయంలో వెతకవలసిన కారణాల్లో మొదటిది ఇదే. మధ్యాహ్న భోజన వేళకు తనిఖీని మార్చడమంత సులువైన మందు మరొకటి లేదు.

జిరాక్స్ షాపు మరో ప్రత్యేక సందర్భం. నాంపల్లి కోర్టుల చుట్టుపక్కల, నియామక పరీక్షల దరఖాస్తుల కాలంలో, ఒక్క కంప్యూటర్ రోజంతా అపరిచితుల పెన్ డ్రైవ్‌లను మింగుతూనే ఉంటుంది. పెన్ డ్రైవ్ పెట్టగానే దానంతట అదే ప్రోగ్రాము నడిచే ఆటోరన్ సౌకర్యాన్ని మైక్రోసాఫ్ట్ 2011 ఫిబ్రవరి సవరణతో పాత విండోస్‌లలో కూడా చాలావరకు మూసేసినా, అసలు ఫోల్డర్లను దాచి నకిలీ చిహ్నాలను చూపే ‘షార్ట్‌కట్ వైరస్’ తరతరాలుగా వస్తూనే ఉంది. ఈ రాకపోకల మీద నియంత్రణ కోసం ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ రూపొందించిన యూఎస్‌బీ ప్రతిరోధ్ అనే పనిముట్టును కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరి 21న మొదలైన సైబర్ స్వచ్ఛతా కేంద్రం ద్వారా ఉచితంగా అందించింది. పెన్ డ్రైవ్ పెట్టిన వెంటనే యంత్రం కాసేపు బిగుసుకోవడం చాలా సందర్భాల్లో యాంటీవైరస్ ఆ డ్రైవ్ మొత్తాన్ని చదవడం వల్లనే. నెమ్మదైన పాత పెన్ డ్రైవ్‌లో జిప్ ఫైళ్లు, వాటి లోపల మళ్లీ జిప్ ఫైళ్లు ఉంటే, తనిఖీ చేసేది ప్రతిదాన్నీ విప్పి చూడవలసి వస్తుంది. ఇక్కడ యాంటీవైరస్ తన పని తాను చేస్తోంది. దాన్ని నిందించడం కంటే, ప్రింటు తీసే యంత్రాన్ని లెక్కలు రాసే యంత్రం నుంచి వేరు చేయడమే షాపుకు మేలు.

రెండు యాంటీవైరస్‌లు ఒకే కంప్యూటర్‌లో ఉండటం అంతకంటే కఠినమైన సమస్య, బహుశా ఈ విషయమంతటిలో అత్యంత స్వచ్ఛమైన స్తంభన. మొదటిది ఒక ఫైలును తనిఖీకి తెరుస్తుంది. తెరవడం కూడా ఫైలును తాకడమే కనుక రెండోదాని ఫిల్టర్ దాన్ని ఆపి తన స్కానర్‌కు పంపుతుంది. రెండో స్కానర్ తన పని కోసం మరో ఫైలు తెరిస్తే దాన్ని మొదటిది ఆపుతుంది. ఇద్దరూ ఒకరి అనుమతి కోసం ఒకరు ఆగిపోయిన ఈ స్థితిని శాస్త్రంలో డెడ్‌లాక్ అంటారు. ‘పహలే ఆప్’ (ముందు మీరు) అంటూ మర్యాదలు పంచుకుని రైలు తప్పించుకున్న నవాబుల కథను లక్నోకే కట్టబెట్టారు గాని, ఈ సందర్భంలో నాంపల్లి స్టేషన్‌కూ అది అంతే అందంగా అతుకుతుంది. విండోస్ 8తో, అంటే 2012 నుంచి, మైక్రోసాఫ్ట్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ విండోస్‌లో అంతర్భాగమైంది. మరో యాంటీవైరస్ వచ్చి నమోదైతే డిఫెండర్ తనంతట తాను తప్పుకునే ఏర్పాటు కూడా ఉంది. అందువల్ల నేటి చిక్కు డిఫెండర్‌తో కంటే, ఏడాది గడువు తీరిన పాత పెట్టె యాంటీవైరస్ ఉండగానే కొత్తది ఎక్కించడంలో ఉంది. పుణేలో పుట్టిన క్విక్ హీల్ గాని, చెన్నైకి చెందిన కె7 గాని, విదేశీ ఉచిత ఉత్పత్తులు గాని, ఏదైనా సరే, గడువు తీరినంత మాత్రాన దాని డ్రైవర్ కెర్నెల్ నుంచి దిగిపోదు. కంట్రోల్ ప్యానెల్‌లో తీసేసిన తర్వాత కూడా ముక్కలు మిగలవచ్చు. అందుకే దాదాపు ప్రతి తయారీదారూ సమూలంగా తొలగించే ప్రత్యేక ఉపకరణాన్ని విడిగా ఇస్తారు. నిర్వాహక అధికారంతో తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఎఫ్‌ఎల్‌టీఎంసీ’ అనే ఆదేశం ఇస్తే అప్పటికి ఎక్కి ఉన్న ఫిల్టర్లన్నీ వాటి ‘ఎత్తు’ సంఖ్యలతో సహా కనబడతాయి. 3,20,000 నుంచి 3,29,999 వరకు ఉన్న ఎత్తులు యాంటీవైరస్‌లకు కేటాయించినవి, డిఫెండర్‌ది 3,28,010. ఆ పట్టీలో రెండు వేర్వేరు కంపెనీల పేర్లు కనబడితే విచారణ సగం ముగిసినట్టే.

తెలుగు డీటీపీ రంగానికి ప్రత్యేకమైన ఒక రాపిడి గురించి సాంకేతిక గ్రంథాలు సహజంగానే మాట్లాడవు. యూనికోడ్ రాకముందరి తెలుగు ఫాంట్లతో పనిచేసే అను స్క్రిప్ట్ మేనేజర్ వంటి ప్రోగ్రాములు, కీబోర్డు మీద నొక్కిన ప్రతి మీటనూ దారిలో పట్టుకుని, దాన్ని తెలుగు అక్షర ఖండంగా మార్చి పేజ్‌మేకర్‌కు అందిస్తాయి. మీటలను దారిలో పట్టుకోవడం పాస్‌వర్డ్‌లు దొంగిలించే కీలాగర్ కూడా చేసే పనే. ఫైలు రూపాన్ని కాక ప్రవర్తనను చూసి అనుమానించే నేటి యాంటీవైరస్‌కు ఈ రెండింటి మధ్య తేడా వెంటనే తెలియకపోవచ్చు. పైగా పేజ్‌మేకర్ ఏడో రూపం 2001 నాటిది, దాని తర్వాత ప్రధాన రూపం రాలేదు. ఆ కాలపు ప్రోగ్రామును ఈ కాలపు కాపలాదారు సందేహంగా చూడటంలో వింత లేదు. తెలుగు టైపు చేసేటప్పుడు మాత్రమే బిగుసుకుని, ఇంగ్లీషు టైపులో సాఫీగా సాగే యంత్రం ఈ జాడను స్పష్టంగా పట్టిస్తుంది. దీనికి తోడు క్రాక్ చేసిన ప్రతుల వాడకం ఉండనే ఉంది. క్రాక్ అనేది ప్రోగ్రాము తాళాన్ని విరగ్గొట్టిన మార్పు కాబట్టి యాంటీవైరస్ దాన్ని పట్టుకోవడం తప్పుడు ఆరోపణ కాదు. పట్టుకున్న ఫైలును అది దాచేస్తే, ప్రోగ్రాము సగంలో ఆగి తన ఫైలు కోసం వెతుక్కుంటూ బిగుసుకుంటుంది. ఇలాంటి చోట యాంటీవైరస్ ఆపి పని కానివ్వమని ఇచ్చే సలహా ఎంత ప్రచారంలో ఉన్నా, అది దొంగకు తాళంచెవి ఇవ్వడమే.

పెద్ద, పేరున్న ప్రోగ్రాముల మధ్య కూడా ఈ రాపిడి ఉంటుంది. ఫైర్‌ఫాక్స్ నడుస్తున్నప్పుడు డిఫెండర్ ప్రాసెసర్‌ను అనవసరంగా మింగేస్తోందన్న ఫిర్యాదు 2018లో నమోదై, 2023లో మైక్రోసాఫ్ట్ చేసిన సవరణతో గాని తీరలేదు. ఐదేళ్లపాటు వాడుకరులు బ్రౌజర్‌నో, కంప్యూటర్‌నో, ఇంటర్నెట్‌నో తిట్టుకున్నారన్నమాట.

ఇవన్నీ ఒక్కో యంత్రానికి వచ్చే తెగుళ్లు. తయారీదారు పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో ఒకేసారి వేలు, లక్షల యంత్రాలు ఆగిపోవడం వేరే జాతి ఘటన. దాని చరిత్ర నమోదై ఉంది. 2005 ఏప్రిల్ 23న ట్రెండ్ మైక్రో విడుదల చేసిన 594వ సంఖ్య వైరస్ నమూనా ఫైలు, కొన్ని విండోస్ ఎక్స్‌పీ యంత్రాల్లో ప్రాసెసర్‌ను నూరు శాతానికి తీసుకుపోయి, జపాన్‌లో రైల్వే, వార్తాసంస్థల కంప్యూటర్లను స్తంభింపజేసింది. అది అందుబాటులో ఉన్నది సుమారు గంటన్నర మాత్రమే. 2007 మే 18న సిమాంటెక్ అప్‌డేట్ చైనా భాషా విండోస్ ఎక్స్‌పీకి చెందిన రెండు వ్యవస్థా ఫైళ్లనే వైరస్‌గా పొరబడి ఎత్తేయడంతో ఆ యంత్రాలు మళ్లీ లేవలేదు. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ పంపిన 5958వ సంఖ్య ఫైలు, విండోస్ ఎక్స్‌పీలో అనేక సేవలను మోసే ఎస్‌వీసీహోస్ట్ అనే ప్రాణాధారమైన ప్రోగ్రామునే శత్రువుగా భావించి, యంత్రాలను ఆగని పునఃప్రారంభాల్లోకి నెట్టింది. 2019 ఏప్రిల్ 9 నాటిది కొంచెం తిరగబడ్డ కథ: ఆ రోజు తప్పు అప్‌డేట్ యాంటీవైరస్‌ది కాదు, విండోస్‌ది. విండోస్ 7, 8.1లకు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన నెలవారీ సవరణ, సోఫోస్, అవాస్ట్, అవిరా వంటి యాంటీవైరస్‌లు ఉన్న యంత్రాల్లో పొసగక, తిరిగి మొదలయ్యేటప్పుడు అవి బిగుసుకుపోయాయి. ఆ ఉత్పత్తులున్న యంత్రాలకు సవరణ వెళ్లకుండా మైక్రోసాఫ్ట్ కొన్నాళ్లు ఆపవలసి వచ్చింది. ఒకే లక్షణానికి రెండు వైపుల నుంచీ కారణం రావచ్చని ఈ వరస నిరూపిస్తుంది. ‘నిన్నటిదాకా బాగానే ఉంది’ అన్న మాట విన్నప్పుడు, నిన్నటికీ నేటికీ మధ్య ఏది మారిందన్నది, విండోస్ సవరణా, యాంటీవైరస్ అప్‌డేటా అన్నది, తేదీలతో పోల్చి చూడవలసి ఉంటుంది.

ఈ వరసలో హైదరాబాద్ నేరుగా చవిచూసినది 2024 జూలై 19, శుక్రవారం నాటి ఘటన. భారత కాలమానంలో ఉదయం 9 గంటల 39 నిమిషాలకు క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికన్ కంపెనీ తన ఫాల్కన్ అనే రక్షణ ప్రోగ్రాముకు ఒక చిన్న సమాచార ఫైలును పంపింది. 10 గంటల 57 నిమిషాలకు దాన్ని వెనక్కి తీసుకుంది. ఈ 78 నిమిషాల్లో విండోస్ నడుస్తున్న సుమారు 85 లక్షల యంత్రాలు నీలి తెరలో పడ్డాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. అది ప్రపంచంలోని విండోస్ యంత్రాల్లో ఒక శాతం కూడా కాదు గాని, ఆ ఒక శాతం విమానాశ్రయాల్లో, ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో ఉంది. కంపెనీ తర్వాత ఇచ్చిన వివరణ ప్రకారం, కొత్త ఫైలు 21 విలువలను ఆశిస్తే, కెర్నెల్‌లోని ప్రోగ్రాము అందించినవి 20 మాత్రమే. లేని ఇరవై ఒకటోదాన్ని చదవబోయి అది తనకు చెందని మెమరీలో అడుగుపెట్టింది. యూజర్ మోడ్‌లో ఇది ఒక ప్రోగ్రాము కూలడంతో ముగిసేది. కెర్నెల్ కావడంతో యంత్రమే కూలింది.

ఆ రోజు శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయంలో చెక్-ఇన్ వ్యవస్థలు స్తంభించి, విమానాలు ఆలస్యమై, కొన్ని రద్దయ్యాయి. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఇండిగో విమానానికి చేతిరాతతో ఇచ్చిన బోర్డింగ్ పాస్ బొమ్మ దేశమంతా తిరిగింది. అంతకు కొన్ని గంటల ముందే అమెరికాలో మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో వేరే అంతరాయం రావడంతో వార్తల్లో రెండూ కలగలిసిపోయి, చాలామందికి అది ‘మైక్రోసాఫ్ట్ అవుటేజ్’గానే గుర్తుండిపోయింది. అబిడ్స్ షాపుల దృష్టితో చూస్తే గమనించదగ్గ సంగతి వేరే ఉంది. ఫాల్కన్ పెద్ద సంస్థలు కొనుక్కునే ఉత్పత్తి. డిఫెండర్‌తోనో పెట్టె యాంటీవైరస్‌తోనో నడిచే చిన్న షాపు యంత్రానికి ఆ రోజు ఏమీ కాలేదు. అదే సమయంలో ఆపి ఉంచి, 11 గంటల తర్వాత స్విచ్ వేసిన యంత్రాలకు, వాటిలో ఫాల్కన్ ఉన్నా సరే, చెడ్డ ఫైలు చేరే అవకాశమే లేకపోయింది. మందు చెప్పడానికి ఒక్క వాక్యం చాలు: కనీస డ్రైవర్లతోనే యంత్రం లేచే సేఫ్ మోడ్‌లో ప్రారంభించి, క్రౌడ్‌స్ట్రైక్ ఫోల్డర్‌లో ‘సీ-00000291’తో మొదలయ్యే ఫైలును తీసేయాలి. చేయడానికి మాత్రం ప్రతి యంత్రం దగ్గరికీ మనిషి నడిచి వెళ్లవలసి వచ్చింది, డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉన్నచోట 48 అంకెల తాళంచెవి సంఖ్యను వెతుక్కోవలసి వచ్చింది. 2010లో మెకాఫీ ఘటన జరిగినప్పుడు ఆ కంపెనీలో ముఖ్య సాంకేతిక అధికారిగా ఉన్న జార్జ్ కర్ట్జ్, 2024లో క్రౌడ్‌స్ట్రైక్ అధిపతి కావడాన్ని చరిత్ర పునరావృతిగా చాలామంది ఎత్తిచూపారు. వ్యక్తి కంటే, పద్నాలుగేళ్లలో మారని కెర్నెల్ ఏర్పాటునే అక్కడ ఎత్తిచూపవలసింది.

యాంటీవైరస్ దోషి కాని సందర్భాలను కూడా అంతే శ్రద్ధగా పరిశీలించాలి, ఎందుకంటే మరమ్మతు బల్ల మీద పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే. హార్డ్ డిస్కులో పాడైన సెక్టార్ ఉన్నప్పుడు, దాన్ని చదవబోయిన ప్రోగ్రాముకు డిస్కు వెంటనే ‘లేదు’ అని చెప్పదు. పదే పదే ప్రయత్నిస్తూ చాలా సెకన్లు గడుపుతుంది. మామూలు వాడకంలో ఎవరూ తాకని ఆ మూలను, ప్రతి ఫైలునూ తాకే తనిఖీ తప్పకుండా తాకుతుంది. తనిఖీ సగంలో రోజూ ఒకేచోట యంత్రం బిగుసుకుంటే, యాంటీవైరస్ నిజానికి చావబోతున్న డిస్కు గురించి చాటింపు వేస్తోంది. అలాంటి యంత్రంలో యాంటీవైరస్ తీసేస్తే హ్యాంగ్ పోతుంది. కొన్ని నెలల తర్వాత డిస్కుతో పాటు లెక్కలన్నీ పోతాయి. వేడి కూడా ఇలాగే పనిచేస్తుంది. హైదరాబాద్ వేసవిలో 40 డిగ్రీలు దాటిన రోజున, ప్రధాన రోడ్డు దుమ్ము నిండిన ఫ్యాను, ఎండిపోయిన థర్మల్ పేస్టు ఉన్న ప్రాసెసర్, తనిఖీ భారం పడగానే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది లేదా ఆగిపోతుంది. బ్రష్షు, బ్లోయర్, యాభై గ్రాముల ఓపిక చేసే పనిని ఫార్మాట్ చేయలేదు.

కాబట్టి విచారణ క్రమం ప్రధానం. యంత్రం బిగుసుకున్నప్పుడు మొదట క్యాప్స్ లాక్ మీట నొక్కి చూడాలి: దీపం మారుతుంటే కెర్నెల్ ఇంకా ప్రాణంతో ఉంది, నిరీక్షణ పై అంతస్తులో జరుగుతోంది, మారకపోతే డ్రైవర్‌నో విడిభాగాన్నో అనుమానించాలి. ప్రాణం ఉన్న యంత్రంలో టాస్క్ మేనేజర్ తెరిచి, డిస్కు నూరు శాతం ఉందా, ప్రాసెసర్ నూరు శాతం ఉందా, రెండూ ఖాళీగానే ఉండి పని మాత్రం ఆగిందా అన్నది చూడాలి. మూడోది అత్యంత అర్థవంతమైన లక్షణం, ఎందుకంటే ఎవరూ పని చేయకుండా అందరూ ఆగి ఉండటమంటే అక్కడ పరస్పర నిరీక్షణ ఉంది. రిసోర్స్ మానిటర్‌లో బిగుసుకున్న ప్రోగ్రాము మీద కుడి క్లిక్ చేస్తే వచ్చే ‘ఎనలైజ్ వెయిట్ చైన్’ అనే సౌకర్యం, ఆ ప్రోగ్రాము ఎవరి కోసం ఆగిందో గొలుసుగా చూపిస్తుంది. కెర్నెల్ లోపలి నిరీక్షణలను అది చూపలేకపోయినా, విండోస్ 7 నుంచీ ఉండి కూడా ఎవరూ తెరవని ఈ కిటికీ ఎన్నో ఫార్మాట్‌లను తప్పించగలదు. డిఫెండర్ తనిఖీలు ‘యాంటీమాల్వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్’ పేరుతో కనబడతాయి. నిర్ణీత తనిఖీలో ప్రాసెసర్ వాడకం సగటున 50 శాతం దాటకుండా చూడటం దాని స్వతస్సిద్ధమైన అమరిక, పాత యంత్రంలో దాన్ని ఇంకా తగ్గించుకోవచ్చు.

తర్వాతి సాక్షి, విండోస్ తన లోపాలను నమోదు చేసుకునే ఈవెంట్ వ్యూయర్. ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి: బలవంతంగా ఆపి మొదలుపెట్టిన ప్రతిసారీ కనబడే ‘కెర్నెల్-పవర్ 41’ అన్న నమోదును చూసి విద్యుత్ అందించే ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మార్చేవారు ఉన్నారు, యంత్రం సక్రమంగా ఆగలేదన్న సంగతి తప్ప కారణాన్ని ఆ నమోదు సాధారణంగా చెప్పదు. డిస్కు పేరుతో ఉన్న 7, 153 సంఖ్యల నమోదులు మాత్రం విలువైనవి. మొదటిది పాడైన చోటును, రెండోది మళ్లీ మళ్లీ చదవవలసి రావడాన్ని తెలుపుతుంది, అవి ఉంటే యాంటీవైరస్ మీద విచారణ అక్కడితో ఆపి ముందు ఫైళ్లను మరో డిస్కుకు నకలు తీసుకోవాలి. అవి లేనప్పుడు సేఫ్ మోడ్ వంతు. సేఫ్ మోడ్‌లో సాధారణంగా బయటి కంపెనీల యాంటీవైరస్ డ్రైవర్లు ఎక్కవు. అక్కడ సాఫీగా నడిచి, మామూలు ప్రారంభంలో బిగుసుకుంటే అనుమానం బలపడుతుంది, కాని రుజువు కాదు, ఎందుకంటే సేఫ్ మోడ్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్ వంటి మరెన్నో కూడా ఎక్కవు. రుజువు కావాలంటే యాంటీవైరస్ ఒక్కదాన్నే పూర్తిగా తొలగించి, డిఫెండర్ దాని స్థానంలోకి వచ్చిందని నిర్ధారించుకుని, ఒకటి రెండు పనిదినాలు గమనించాలి. తాత్కాలికంగా ‘పాజ్’ చేయడం పరీక్ష కాదు. పాజ్ చేసినప్పుడు కూడా ఫిల్టర్ డ్రైవర్ తన కుర్చీలోనే ఉంటుంది. సేఫ్ మోడ్‌లో విండోస్ ఇన్‌స్టాలర్ సేవ నడవదు కనుక మామూలు తొలగింపు అక్కడ విఫలం కావచ్చని, తయారీదారు ఉపకరణం కావాలని ముందే తెలుసుకుని ఉండటం మంచిది.

బిట్‌లాకర్ తాళం సంగతి చిన్న షాపుకు కూడా వర్తించడం మొదలైంది. కొత్త విండోస్ 11 యంత్రాలు మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రారంభించినప్పుడు డిస్కుకు తాళం తమంతట తాము వేసుకుని, తాళంచెవిని ఆ ఖాతాలో దాస్తున్నాయి.  చిన్న షాపులో ఐటీ విభాగం అంటే ఫోన్ చేస్తే వచ్చే ఒక కుర్రవాడు. యంత్రం కొన్న రోజున ఆ కుర్రవాడు ఏ ఈ-మెయిల్‌తో ఖాతా తెరిచాడో యజమానికి తెలియకపోతే, సేఫ్ మోడ్ దాకా వెళ్లే దారే మూసుకుపోతుంది.

ఫలానా ఫోల్డర్‌ను తనిఖీ చేయవద్దని యాంటీవైరస్‌కు చెప్పే మినహాయింపుల విషయంలో నిపుణుల మధ్య నిజమైన భేదాభిప్రాయం ఉంది. ట్యాలీ వంటి లెక్కల ప్రోగ్రాము సమాచారం ఒక యంత్రంలో ఉండి, మిగతా బల్లల నుంచి నెట్‌వర్క్ ద్వారా తెరుచుకుంటున్నప్పుడు, ఒకే ఫైలును ఇక్కడొక యాంటీవైరస్, అక్కడొక యాంటీవైరస్ తనిఖీ చేయవచ్చు. ఆ సమాచార ఫోల్డర్‌ను ఒకవైపు మినహాయిస్తే జీఎస్టీ రిటర్నుల గడువు రోజున కూడా పని సాగుతుంది. మినహాయింపు అంటే కాపలా లేని గది అని, దొంగ ప్రోగ్రాములు అలాంటి గదుల కోసమే వెతుకుతాయని మరో పక్షం వాదన. రెండూ సరైనవే కనుక గీత ఎక్కడ గీయాలన్నదే ప్రశ్న: సమాచారం మాత్రమే ఉండే ఒక ఫోల్డర్‌ను మినహాయించడం సమర్థనీయం, ‘సీ’ డ్రైవ్ మొత్తాన్నో డౌన్‌లోడ్స్‌నో మినహాయించడం యాంటీవైరస్ తీసేయడంతో సమానం. మినహాయించిన తర్వాత మిగతాచోట్ల కాపలా మెలకువగా ఉందో లేదో చూడటానికి ఐకార్ అనే 68 అక్షరాల హానిలేని పరీక్షా ఫైలు ఉంది; దాన్ని పట్టుకోని యాంటీవైరస్ నిద్రపోతున్నట్టే.

అసలు యాంటీవైరస్ లేకుండానే నడపవచ్చన్న వాదానికి తెలుగునాట ఒక సమాధానం 2017 మేలో వచ్చింది. వన్నాక్రై దాడిలో ఆంధ్రప్రదేశ్‌లోని పలు జిల్లాల పోలీసు శాఖ కంప్యూటర్ల ఫైళ్లకు తాళాలు పడ్డాయి. అయితే ఆ దాడి ఉపయోగించుకున్న రంధ్రాన్ని పూడ్చే విండోస్ సవరణ ఆ ఏడాది మార్చిలోనే విడుదలైందన్నది మరువరాదు. కంప్యూటర్ నెమ్మదిస్తుందని యాంటీవైరస్‌ను ఆపడం కంటే, హ్యాంగ్ అవుతుందన్న భయంతో విండోస్ అప్‌డేట్‌లను శాశ్వతంగా ఆపేసే అలవాటు ఎక్కువ ప్రమాదకరమైనది. ఏ యాంటీవైరస్ తేలిక అన్న ప్రశ్నకు ఐరోపా పరీక్షా సంస్థలు క్రమం తప్పకుండా పట్టికలు విడుదల చేస్తాయి. అవి పరీక్షించేది శుభ్రంగా అమర్చిన, ఎస్‌ఎస్‌డి ఉన్న యంత్రాల మీద. పదేళ్ల హార్డ్ డిస్కు, రెండు ఫాంట్ మేనేజర్లు, మూడు ప్రింటర్ డ్రైవర్లు ఉన్న నాంపల్లి యంత్రానికి ఆ పట్టికలోని మొదటి స్థానానికీ ఐదో స్థానానికీ మధ్య తేడా, హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డి వేయడం వల్ల వచ్చే తేడా ముందు లెక్కలోకి రాదు.

యాంటీవైరస్‌ను కెర్నెల్ నుంచే బయటికి పంపాలన్న ఆలోచన కొత్తది కాదు. 64 బిట్ల విండోస్‌లో కెర్నెల్‌ను ఎవరూ తిరగరాయకుండా మైక్రోసాఫ్ట్ 2005లో ప్యాచ్‌గార్డ్ అనే కంచె వేసినప్పుడు, మరుసటి ఏడాది విస్టా విడుదలకు ముందు సిమాంటెక్, మెకాఫీ దాన్ని గట్టిగా వ్యతిరేకించాయి. తమను బయట నిలబెట్టి మైక్రోసాఫ్ట్ తన ఉత్పత్తికి దారి చేసుకుంటోందన్నది వారి ఆరోపణ. ఆపిల్ 2019లో మ్యాక్ కోసం బయటి నుంచే కాపలా కాసే ఏర్పాటు తెచ్చి, కెర్నెల్ చేర్పులను క్రమంగా సాగనంపింది. 2024 జూలై తర్వాత వాదం మళ్లీ మొదలై, మైక్రోసాఫ్ట్ ఆ నవంబర్‌లో విండోస్ దృఢత్వ కార్యక్రమాన్ని ప్రకటించి, 2025లో యాంటీవైరస్‌లు యూజర్ మోడ్ నుంచే పనిచేసే వేదికను భాగస్వామ్య కంపెనీలకు పరీక్ష కోసం ఇవ్వడం మొదలుపెట్టింది. దీనివల్ల నీలి తెరలు తగ్గుతాయి. నిరీక్షణ పూర్తిగా తగ్గదు, తాకిన ఫైలును ఆపి చూడటమనే పని ఎక్కడి నుంచి చేసినా ఆపడమే.

ఆ వేదిక అబిడ్స్ బల్లల దాకా రావడానికి మరో అడ్డు ఉంది. విండోస్ 11కు టీపీఎం 2.0 భద్రతా చిప్పు, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి. అంతకు పాతవి విండోస్ 10లోనే ఉండిపోతాయి, దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. డిఫెండర్‌కు వైరస్ గుర్తుల అప్‌డేట్‌లు మాత్రం 2028 అక్టోబర్ వరకు విండోస్ 10కు కూడా అందుతాయని కంపెనీ ప్రకటించింది. కాబట్టి కొత్త సౌకర్యాలు అందని ఆ యంత్రాల్లో కాపలాదారు కెర్నెల్‌లోని పాత కుర్చీలోనే కూర్చుని, రోజూ కొత్త గుర్తులు అందుకుంటూ ఉంటాడు. ఉదయం షట్టర్ ఎత్తగానే ఆ గుర్తుల కోసం, రాత్రి తప్పిపోయిన తనిఖీ కోసం హార్డ్ డిస్కు దీపం ఆగకుండా వెలుగుతూనే ఉంటుంది.